కోతమిల్లు పనివారికి తలరక్ష, చెవిరక్ష



కోతమిల్లు కూత చెవిని పడని యూరు నేడు మా కలికిరి ప్రాంతమున అరుదు. ఇల్లు కట్టుకొనువారికి ద్వారబంధములు, తలుపులు, వాసములు కావలయును. తోటలో ముదిసిన మామిడిని, గట్టుమీది వేపను, నీలగిరి మ్రానులను కొట్టించి ట్రాక్టరుమీద మిల్లునకు తోలుదుము. ఉదయము తోలిన దుంగ సాయంకాలమునకు పలకలై యింటికి తిరిగివచ్చును. మనము కోతకూలి యిచ్చి, పలకలు లెక్కపెట్టుకొని వత్తుము. ఆ దుంగను రంపమున కందించిన మనుష్యుని తల యెట్లున్నది, చెవి యెట్లున్నది అని అడుగము. నేనును చాలకాలము అడిగినవాడను కాను. అడుగవలసిన యవసర మెట్లు కలిగెనో మొదట చెప్పి, పిమ్మట విషయమును వివరించెదను.

నేను ముప్పదియేండ్లకు పైగా బడిపిల్లలకు తెలుగు వ్యాకరణము చెప్పి విశ్రాంతి పొందినవాడను. కొంతకాలము క్రిందట మా పెరటిలోని వేపమ్రాను గాలికి కూలినది. దానిని కోయించుటకై సమీపగ్రామమందలి యొక మిల్లునకు పోతిని. అచ్చట దుంగ నందించువాడు నా పూర్వశిష్యుడు. తరగతిలో చెప్పినమాట ఒక్కసారికే పట్టుకొనెడి చుఱుకైన బాలుడు. ఇప్పుడతనికి నలుబది దాటినవి. మిల్లుపనిలో ఇరువదియేండ్లు గడచినవి. యంత్రము నిలిపిన తరువాత వెనుకనుండి పేరుపెట్టి పిలిచితిని. పలుకలేదు. మఱల పిలిచితిని. పలుకలేదు. ప్రక్కవాడు భుజము తట్టగా తిరిగిచూచి, పరుగున వచ్చి నమస్కరించెను. "ఏమి నాయనా, నామీద కోపమా?" అంటిని. అతడు నా పెదవులవైపే చూచుచు, "అయ్యవారూ, మీరు మాట్లాడేది ఇనబడతా ఉండాది గానీ, ఏమంటా ఉండారో తెలియడం లేదు" అనెను.

వినబడుట వేఱు, తెలియుట వేఱు అగుట యెట్లు? ఆ మాట నన్ను విడువలేదు. చెట్టుక్రింద కూర్చుండబెట్టి, నా పెదవులు కనబడకుండ తువాలు అడ్డము పెట్టుకొని, పూర్వము బడిలో చెప్పినట్లు నాలుగు మాటలు చెప్పి, తిరిగి చెప్పుమంటిని. కాలు, చాలు, తాలు, పాలు. నాలుగింటికిని అతడు "ఆలు" అనియే చెప్పెను. అమ్మ, ఆవు, ఊరు, ఏనుగు అనగా మాత్రము తడబడక చెప్పెను.

వ్యాకరణము చదివినవారికి ఇందలి మర్మము సులభముగా తెలియును. క చ ట త ప లు పరుషములు. గ జ డ ద బ లు సరళములు. అచ్చులును సరళములును కంఠనాదముతో కూడినవి. పరుషములందును శ ష స లందును నాదము లేదు. ఊపిరి యొఱపుచే పుట్టెడి సన్నని ధ్వని మాత్రమే కలదు. ధ్వని యొక్క సన్నదనమును శాస్త్రజ్ఞులు సెకనుకు ఇన్ని కంపములు అని లెక్కింతురు. అచ్చుల బలము ఎక్కువగా తక్కువ కంపములందుండును. స, చ మొదలగువాని బలము 2000 కంపములకు పైన నుండును. యంత్రపు చప్పుడు చెవిలో మొట్టమొదట చెఱచునది 3000 మొదలు 6000 కంపముల వఱకు గల భాగమును. అందును 4000 దగ్గఱి భాగమును. కావున మిల్లుపనివానికి అచ్చు మిగులును, హల్లు పోవును. "పాలు కావలెనా" యని భార్య యడిగినచో "ఆలు ఆవలెనా" యన్నట్లు తోచును. మాట పోయి మ్రోత మిగులును.

ఇట్టివానిని లోకము చెవిటివాడని యనదు. అట్లన్నచో జాలియైన కలుగును. పిలిచిన పలుకడు గనుక గర్వి యందురు. అడిగినదానికి మఱియొకటి చెప్పును గనుక మందుడందురు. నా శిష్యుడు రచ్చబండకు వచ్చుట మానుకొనెనట. నలుగురు నవ్వినప్పుడు ఏల నవ్విరో తెలియక తానును నవ్వవలసివచ్చుచున్నదని చెప్పెను.

ఈ కీడు క్రొత్తది కాదు. ఇటలీ దేశపు వైద్యుడు రామజ్జిని వృత్తులవలన కలుగు రోగములనుగూర్చి గ్రంథము వ్రాసినవాడు. 1713 నాటి కూర్పులో, వెనిసు నగరమున రాగిరేకులను దినమెల్ల సుత్తెలతో కొట్టెడి కంచరులు వయసు ముదిరిన కొలది చెవుడు పొందుచున్నారని అతడు తెలిపెను. 1886 లో స్కాట్లండు దేశమున గ్లాస్గో నగరపు వైద్యుడు తామస్ బార్, ఆవిరియంత్రముల బాయిలర్లు చేయువారిని నూఱుమందిని పరీక్షింపగా, ఒక్కనికైనను పూర్ణమైన వినికిడి లేకుండెను. రాగిరేకైనను, బాయిలరైనను, రంపమైనను చెవికి భేదము లేదు. అది చప్పుడెంత, ఎంతసేపు అను రెండింటినే లెక్కచూచును.

చెవి లోపలి నిర్మాణమును కొంచెము తెలిసికొందము. కర్ణభేరికి ఆవల, తలయెముకలో నత్తగుల్లవలె చుట్టుకొనిన చిన్న నాళము కలదు. అందు ద్రవము నిండియుండును. ఆ ద్రవమున సన్నని కేశములు గల కణములు ఒక్కొక్క చెవికి సుమారు 15000 వఱకు వరుసలు తీరి యుండును. ధ్వని వచ్చినప్పుడు ద్రవము కదలును, కేశములు వంగును, ఆ కదలికయే నరముద్వారా మెదడునకు మాటగా చేరును. పచ్చికమీద ఒక్కమాఱు నడచితిమేని పచ్చిక వంగి మఱల లేచును. ప్రతిదినము మందను తోలితిమేని బాట పడును. చెవిలోని కణములును అట్టివే. పచ్చికయైన వానకు మఱల మొలచును. మనుష్యుని చెవిలో నశించిన కేశకణము మఱల మొలవదు. మందు లేదు, శస్త్రచికిత్సచే దానిని తిరిగి తెచ్చుట లేదు. చెవిలో పెట్టుకొను యంత్రము మ్రోతను పెంచి కొంత మేలు చేయును గాని, పోయిన కణమును తిరిగి తేజాలదు.

చప్పుడును కొలుచుటకు డెసిబెల్ అను మానము కలదు. ఇద్దఱు నెమ్మదిగా మాటలాడుకొనుట 60 డెసిబెళ్లు. కోతమిల్లులలో రంపము దుంగను కోయునప్పుడు 90 మొదలు 105 వఱకు నుండుట సాధారణము. చెట్లు కొట్టెడి చేతి మోటారురంపము 105 ను మించుటయు కలదు. ఈ లెక్క మన సేరు మణుగుల లెక్క వంటిది కాదు. 3 డెసిబెళ్లు పెరిగినంతనే చప్పుడు మోసికొనివచ్చు శక్తి రెండింతలగును. నేటి వైద్యశాస్త్రము 85 డెసిబెళ్ల చప్పుడులో దినమునకు 8 గంటలు మించి యుండరాదని చెప్పుచున్నది. 88 అయినచో 4 గంటలు, 91 అయినచో 2 గంటలు, 94 అయినచో 1 గంట, 100 అయినచో 15 నిమిషములు మాత్రమే. ఉదయము కాఫీ త్రాగి రంపము ముందు నిలిచిన పనివాని చెవి, ఎండ యెక్కకముందే ఆనాటి కోటాను చెల్లించివేయును. మిగిలిన దినమంతయు అప్పే.

కొలమానము లేనివారికి ఒక సులువైన గుర్తు చెప్పెదను. చేయి చాచినంత దూరమున నున్న వానితో అఱచి మాటలాడవలసివచ్చినచో, ఆ చోటు చెవికి కీడు చేయునదే. రెండవ గుర్తు: పని వదలి యింటికి వచ్చిన తరువాత చెవిలో గింగురుమను మ్రోత, దూది క్రుక్కినట్లు మందము. మఱునాటికి అది తగ్గును గనుక పనివాడు దానిని లక్ష్యపెట్టడు. ఏండ్లు గడచినమీదట తగ్గుట మానును. నొప్పి లేదు, నెత్తురు లేదు, కనుక భయమును లేదు. "ఆ చప్పుడు మాకు అలవాటైపోయినది" అని పనివారు ధైర్యముగా చెప్పుదురు. అయ్యా, అట్లన్నప్పుడే జాగ్రత్తపడవలయును. తగ్గినది చప్పుడు కాదు, వినికిడి.

ఇక తల సంగతి. పూర్వము గుంటమీద దుంగ నెత్తి, పైనొకడును క్రిందనొకడును నిలిచి చేతిరంపముతో కోసెడివారు. ఆ పనిలో నడుము నొచ్చునే గాని, చెక్క యెగిరి నుదుట తగులుట యుండదు. నేటి చక్రరంపము అట్లుగాదు. కోత బిగిసి చెక్క చక్రమును పట్టుకొన్నచో, అతివేగముగా తిరుగు పండ్లు దానిని ఎత్తి అందించువానిపైకి వెనుకకు తన్నును. ముడులున్న దుంగ, మేకు దాగియున్న దుంగ మఱింత ప్రమాదము. దుంగల నెత్తు గొలుసు జాఱుట, పేర్చిన దుంగలు దొరలుట మొదలగునవి వేఱు. నేను పోయిన మిల్లులోనే, ఆ యేడాది ముడిచెక్క యొకటి యెగిరి యొక పనివాని కనుబొమకు పైన తగిలినది. తలపాగ చుట్టుకొనియుండెను, పాగ తడిసినది గాని గాయమును ఆపలేదు. కుట్లు పడినవి. వేలెడు క్రిందుగా తగిలియుండినచో కన్ను పోయెడిది.

తలపాగను తక్కువ చేయుటకు ఈ మాట చెప్పలేదు. అది యెండకు గొడుగు, మర్యాదకు చిహ్నము. కాని దెబ్బకు అది కవచము కాదు. పైగా దాని వ్రేలాడు చెంగు, భుజముమీది తువాలు, జాఱిన పంచెకొస, ఇవి తిరుగు బెల్టులో చిక్కినచో మనిషిని యంత్రము లోనికి లాగును. మిల్లులోనికి పోవునప్పుడు వానిని విడిచి పోవలయును.

అమరకోశమున యుద్ధసన్నాహము చెప్పుచోట శీర్షకము, శీర్షణ్యము, శిరస్త్రము అని తలకవచమునకు మూడు పేర్లు కలవు. మన పూర్వులు ప్రమాదమున్న పనికి తలపాగ చాలదని యెఱిగినవారే. పనివానికి శిరస్త్రమను తలంపు మాత్రము ఈ కాలమున వచ్చినది. 1919 లో అమెరికాదేశమున శాన్ ఫ్రాన్సిస్కో నగరమందు బుల్లర్డ్ అనునతడు, మొదటి మహాయుద్ధమున తాను ధరించిన ఉక్కుటోపీని తలచుకొని, మందపు కాన్వాసు గుడ్డను ఆవిరిలో నుడికించి, జిగురు పట్టించి, నల్లరంగు పూసి గనిపనివారికి గట్టిటోపీ చేసెను. 1933 లో ఆ నగరమున గోల్డెన్ గేట్ వంతెన పని మొదలైనప్పుడు, పనివారందఱును దానిని ధరించియే తీరవలయునని కట్టడిచేసిరి. నేడు అది ప్లాస్టిక్కుతో చేయబడుచున్నది.

ఆ టోపీ గుణము దాని గట్టిదనమున మాత్రమే లేదు. లోపల పట్టీల వల యొకటి కలదు. తలకును చిప్పకును నడుమ కొంత చోటు విడిచి అది చిప్పను మోయును. దెబ్బ ఒక్కచోట దిగక పట్టీలన్నిటికిని పంచబడును. కావున పట్టీలు తెగిన టోపీ, లోపల గుడ్డలు క్రుక్కిన టోపీ పనికిరావు. భారతప్రమాణముల సంస్థవారు కర్మాగారపు టోపీకి 2925 అను సంఖ్య గల ప్రమాణము నేర్పఱచిరి; కొనునప్పుడు ఐ.యస్.ఐ. గుర్తును, ఆ సంఖ్యను చూడవలయును. మోటారుసైకిలు హెల్మెట్టు వేఱు పనికి చేసినది. దానికి ప్రమాణమును వేఱు. పెద్ద దెబ్బ తిన్న టోపీని, బీట కనబడకున్నను, మార్చవలయును. ఎండలో చాలయేండ్లు మాగిన ప్లాస్టిక్కు పెళుసగును. గడ్డము క్రింది పట్టీ బిగింపనిచో వంగినంతనే జాఱి రంపముమీద పడును. కన్నులకు అద్దములు, రంపపు పొట్టు ఊపిరిలో పోకుండ ముక్కునకు మూతయు దీనితోపాటు ఉండవలయును.

అమరకోశపు యుద్ధసామగ్రిలో చెవికి ప్రత్యేక కవచము కానరాదు. కత్తి చెవిలో దూరదు గదా! శబ్దము దూరును. కనుక చెవికవచము మనమే యేర్పఱచుకొనవలయును. అవి రెండు విధములు. చెవిలో పెట్టుకొను మెత్తని నురుగు బిరడాలు ఒకటి. చెవిని పూర్తిగా మూయు డిప్పలు రెండవది. డిప్పలలో కొన్నిటిని టోపీకే తగిలింపవచ్చును. బిరడాను శుభ్రమైన వ్రేళ్లతో సన్నగా నులిమి, రెండవ చేతిని తలమీదుగా త్రిప్పి చెవిని పైకిని వెనుకకును లాగి, లోపల పెట్టి, అది ఉబ్బువఱకు అర నిమిషము అదిమి పట్టవలయును. ఊరక చెవి మొగము మీద ఆనించిన బిరడా అలంకారమే గాని రక్ష కాదు. మామూలు దూది క్రుక్కుకొనుట చాలదు. దూది గాలిని ఆపును గాని చప్పుడును ఆపజాలదు.

ముఖ్యమైన సంగతి యొకటి. చెవిరక్షను పనిసేపంతయు ధరింపవలయును. 30 డెసిబెళ్లు తగ్గింపగల డిప్పనైనను సగము సేపు తీసివేసినచో మొత్తముమీద దక్కు మేలు సుమారు 3 డెసిబెళ్లు మాత్రమే. పడవకు పది చిల్లులుండగా తొమ్మిది పూడ్చినను ఒక్కదానినుండి నీరు వచ్చును గదా!

"చెవి మూసికొన్నచో తోడివాని హెచ్చరిక వినబడదే" యని పనివారు అడుగుదురు. ప్రశ్న న్యాయమైనదే. రంపము నడుచునప్పుడు మూయని చెవికిని ఆ కేక స్పష్టముగా వినబడదు. డిప్ప చప్పుడును మాటను రెండింటిని కలిపి తగ్గించును గనుక, చెవి మంచిగా నున్నవారికి ఆ రొదలో పెద్ద నష్టము లేదు. వినికిడి తగ్గినవానికి మాత్రము కష్టము పెరుగును. కనుక చేతిసైగలు ముందే నిర్ణయించుకొనవలయును. ఆపుము, త్రిప్పుము, తొలగుము, ఈ మూడు సైగలు అందఱికిని తెలిసియుండిన చాలును. ఆపుసైగ ఎవరు చేసినను యంత్రము నిలుపవలయును.

మిల్లుయజమాని చేయవలసినదియు కలదు. మొద్దుబాఱిన రంపము ఎక్కువగా కూయును. పదును పెట్టించినచో చెక్కయు బాగుగా తెగును, చప్పుడును తగ్గును. వదులైన బోల్టులు, ఎండిన బేరింగులు రొదను పెంచును. చక్రరంపమునకు పైమూత ఉండవలయును. చక్రము వెనుక, కోసిన సందు మూసికొనకుండ నిలుచు ఉక్కుబద్ద యుండవలయును. చెక్క వెనుకకు తన్నుటకు అదియే ప్రధానమైన అడ్డు. పనిలేనివారిని, పిల్లలను రంపమునకు దూరముగా నుంచవలయును. ఆరుబయట దూరము రెండింతలైనచో చప్పుడు 6 డెసిబెళ్లు తగ్గును.

దీనికి చట్టము లేదా యందురేమో. మన రాష్ట్రమున రంపపుమిల్లులకు 1969 లో నియమములు చేసిరి. అవి అడవిని కాపాడుటకు చేసినవి. మ్రాను ఎక్కడిదని అడుగుట వాని పని. మనిషిమాట వానిలో ముఖ్యము కాదు. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టమున, చప్పుడువలన కలుగు చెవుడు వృత్తిరోగముల పట్టికలో చేర్చబడెను. 2020 లో పార్లమెంటు ఆమోదించిన వృత్తిభద్రతాసంహితలోను అది కలదు. అయినను, చట్టము లెక్కించునంతమంది పనివారు లేని చిన్నమిల్లులు పల్లెలలో ఎక్కువ. నలుగురైదుగురు పనిచేయు మిల్లునకు తనిఖీ అధికారి అరుదుగా వచ్చును. అచ్చటికి ప్రతిదినము వచ్చువారము మనమే, దుంగలు తోలువారము.

కావున పెద్దలైన మీకు నా విన్నపము ఇది. దుంగ తోలినప్పుడు కోతకూలి యెంత యని అడుగుటకు ముందు, టోపీలు, చెవిడిప్పలు కలవా యని అడుగుడు. పనివాడొక్కనికి ఇవి రెండును కొన్నివందల రూపాయలలో వచ్చును. ఒక తలుపు ఖరీదు కంటె చాల తక్కువ. యజమాని తాను ధరించినగాని కూలివాడు ధరింపడు. కనుక మొదట యజమాని తలమీద పెట్టింపుడు. మిల్లుపనిలో నున్నవారిని ఏడాది కొకమాఱు వినికిడి పరీక్షకు పంపుడు. చెవుడు నివారణకై కేంద్రప్రభుత్వము 2006 లో జాతీయ కార్యక్రమమును ప్రారంభించినది. చెవివైద్యులున్న ప్రభుత్వాసుపత్రిలో అడిగినచో పరీక్షమార్గము తెలియును. పిలిచిన పలుకని మిల్లుపనివాడు మీ యూర నున్నచో అతనిని గర్వి యనకుడు. ఎదురుగా నిలిచి, ముఖము కనబడునట్లు, అఱవక నిదానముగా మాటలాడుడు.

నా శిష్యునికి తిరుపతిలో పరీక్ష చేయించితిమి. వైద్యుడు గీచిన పటములో గీత తిన్నగా వచ్చి 4000 దగ్గఱ బావిలో పడినట్లు దిగినది. యంత్రము పెట్టుకొన్న పిమ్మట కొంత మేలు కలిగినది గాని, పాలు, చాలు నేటికిని అతనికి ఒక్కటే. అతని కుమారుడు పదునెనిమిదేండ్లవాడు ఈ సంవత్సరము అదే మిల్లులో చేరినాడు. చేరక తప్పలేదు. చేరిననాడు తండ్రి తానే పసుపుపచ్చని టోపీని కుమారుని తలకు పెట్టి, డిప్పలు చెవులకు సరిచేసి, గడ్డము పట్టీ బిగించెను. యజమానియు ధరించియుండెను. రంపము నడువ నారంభించిన తరువాత ఆ పిల్లవాడు సైగచేసి యంత్రమును ఆపించి, నాకు నమస్కరించెను. నేను తువాలు అడ్డము పెట్టుకొని "పాలు" అంటిని. అతడు నవ్వి, "పాలే అయ్యవారూ" అనెను.

ఆ వినికిడి అతనికి అరువది యేండ్లకును నిలుచుగాక.